ఎఱ్ఱని మిరపకాయ

వరంగల్లు నుండి ఈశాన్య దిశగా సుమారు 50 కిలోమీటర్లు పోయినచో ములుగు వచ్చును. 2019 ఫిబ్రవరి 17వ తేదీన ఈ ఊరు ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఇచ్చటనుండి గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారమునకు పోవు బాట చాలవఱకు అడవి నడుమ సాగును. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల నీడలు తొలగినంతనే గోదావరి యొడ్డున నల్లరేగడి చేలు కనబడును. మాఘ ఫాల్గుణ మాసములలో ఆ దారిని పోవువారికి కల్లములనిండ ఎఱ్ఱని తివాచీలు పఱచినట్లు మిరపకాయలు ఎండుచు కన్పట్టును. గాలి వీచినపుడు వాని ఘాటు బస్సులో కూర్చున్నవారిని సైతము తుమ్మించును.

బాలబాలికలారా! ఆ రాశి నుండి ఒక్క మిరపకాయను చేతిలోనికి తీసికొనుడు. ఇది ఎవరిది? ఆ చేను ఒక కోయ రైతుది కావచ్చును. దానిపై పెట్టుబడి పెట్టి పైరు వేసినవాడు గుంటూరు, కృష్ణా ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబమువాడు కావచ్చును. ఎండలో వంగి ఆ కాయను కోసినది ఛత్తీస్‌గఢ్ అడవులనుండి వచ్చిన గొత్తికోయ స్త్రీ కావచ్చును. బస్తాల కెత్తి వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టునకు చేర్చినవాడు తండాలోని లంబాడీ యువకుడు కావచ్చును. ఒక కాయలో నలుగురి చెమట కలదు. కాని దానిపై వచ్చిన ధనము నలుగురికిని ఒక తీరున చేరదు. ఒకే నేలపై, ఒకే వానకు తడిసి బ్రదుకు వారిలో ఇంత భేదమెట్లు కలిగినది? ఈ పాఠమున మనము విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకలేదు. ఒక విద్యార్థి నోటినుండి వచ్చినది. నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో గోదావరి యొడ్డునగల ఒక పాఠశాలలో పని చేయుచుంటిని. ఒకనాడు గణితోపాధ్యాయుడు సెలవులో నుండగా ఆ తరగతి నాకు వచ్చినది. నల్లబల్లపై ఒక చిన్న లెక్క వ్రాసితిని. "ఒక రైతు మిరపతోటకై రెండువేల రూపాయలు అప్పు తెచ్చెను. నెలకు నూటికి మూడు రూపాయలు వడ్డీ. పది నెలలకు వడ్డీ ఎంత?"

మొదటి బల్లపై కూర్చున్న గుంటూరు రైతు కుమారుడు లేచి, "ఆరువందలండి" అనెను. సరియైన జవాబే. వెనుక బల్లపై నున్న కోయ బాలుడు పలక వంచి యేమియు వ్రాయక కూర్చుండెను. "నీకు లెక్క రాలేదా?" అని యడిగితిని. వాడు నెమ్మదిగా లేచి, "వడ్డీ ఎంతైతే ఏంది పంతులు సారూ? చేను పోతది" అనెను. తరగతి ఘొల్లున నవ్వినది. నేనును చిరునవ్వు నవ్వితిని. ఆ నవ్వునకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

మధ్యాహ్న విరామమున వానిని పిలిచి యడుగగా సంగతి తెలిసినది. వాని తాత మూడెకరముల చేనుపై అట్టి అప్పే తెచ్చెనట. ఆ యేడు బొబ్బర తెగులు వచ్చి పైరు ముడుచుకొని పోయినది. అసలు నిలిచినది, వడ్డీ పెరిగినది. తుదకు చేనే అప్పిచ్చినవాని చేతిలోనికి పోయినది. తాతయు తండ్రియు ఆ చేనిలోనే కూలికి పోవుచుండిరి. నేను వ్రాసిన లెక్కకు జవాబు వానికి తెలియక కాదు. వాని యింట ఆ లెక్క మఱియొక విధముగా ముగిసినది.

మా మాటలు వినుచున్న గుంటూరు బాలుడు దగ్గఱకు వచ్చి, "మా నాన్నకీ ఎరువుల కొట్టులో బాకీ ఉందండి. ఆ ఏడు మా పంట కూడా పోయింది. మా మామయ్య తెనాలి నుంచి డబ్బు పంపి సర్దాడు" అనెను. ఆ బాలుని మాటలో అతిశయము లేదు. జరిగినది చెప్పినాడు. కాని ఆ యిద్దఱి మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడు నాకొక సత్యము గోచరించినది. ఇద్దఱి తండ్రులకును అప్పు కలదు. ఇద్దఱి పైరును తెగులు తినినది. పంట పోయిన యేట ఒకని వెనుక ధనము గల మేనమామ నిలిచెను. రెండవవాని వెనుక ఆ చేను తప్ప మఱేమియు లేదు.

లోకమున ఈ భేదమునకు రెండు సులభమైన కారణములు చెప్పుచుందురు. "అడవివారు సోమరులు, అందుచేత బీదలైరి" అని కొందఱు. "వలస వచ్చినవారు మోసగాండ్రు, అందుచేత ధనికులైరి" అని మఱికొందఱు. ఈ రెండును విచారణకు నిలువని మాటలు. వేసవిలో తెల్లవాఱకముందే లేచి తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లమునకు మోసికొని పోవు కోయ స్త్రీని చూచినవాడు సోమరితనమను మాట పలుకడు. నాలుగు మడకలతో పరదేశము వచ్చి, ముండ్లపొదలు కొట్టి, మలేరియా జ్వరములకు బిడ్డలను పోగొట్టుకొని సాగుచేసిన రైతును చూచినవాడు అందఱిని మోసగాండ్రనడు. మంచివారును చెడ్డవారును ప్రతి జాతియందును కలరు. కావున భేదమునకు మూలము వేఱొకచోట వెదకవలెను.

మొదట కోయలనుగూర్చి తెలిసికొందము. వీరు తమ్ము "కోయతూర్" అని చెప్పుకొందురు. వీరి భాష గోండీకి దగ్గఱి చుట్టము. తెలుగువలె ద్రావిడ కుటుంబములోనిదే. పూర్వము వీరు పోడు వ్యవసాయము చేసెడివారు. అడవిలో కొంత భాగము నఱికి, కాల్చి, జొన్నలు మొదలైనవి చల్లి, కొన్ని యేండ్లకు ఆ నేలను విడిచి వేఱొక తావునకు పోయెడివారు. విడిచిన నేలలో మరల అడవి మొలచెడిది. ఇప్పపువ్వు, తేనె, సారపలుకులు, దుంపలు అడవి యిచ్చెడిది. అట్టి బ్రదుకులో "ఈ నేల నాది" అని కాగితము వ్రాసికొనవలసిన పని లేదు. నిజాము ప్రభుత్వము అడవులకు హద్దురాళ్లు పాతి, నేలకు పట్టాలు నడపినపుడు, కాగితము గలవాడు యజమాని యయ్యెను. తరతరములుగా అచ్చటనున్నవాడు ఆక్రమణదారుడయ్యెను.

ఇక కోస్తా జిల్లాలనుండి వచ్చినవారి సంగతి. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియైనవి. కాలువల నీటితో డెల్టా గ్రామములలో పంటలు పెరిగినవి, రైతుల చేతిలో సొమ్ము మిగిలినది, బడులు వెలసినవి. కాలక్రమమున జనము పెరిగి అచ్చటి భూమి ధర మిన్నంటినది. ఒక ఎకరము అమ్మినచో తెలంగాణమున అంతకు మించిన నేల దొరకెడిది. 1931లో నిజాంసాగరము పూర్తియైనపుడు నిజామాబాదు ప్రాంతమునకును, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట మఱింత విరివిగా గోదావరి తీరమునకును ఇట్టి రైతులు వచ్చిరి. వారు తమతో మిరప సాగు నేర్పును తెచ్చిరి. దానితోపాటు కంటికి కనబడని మఱి మూడు ఆస్తులను తెచ్చిరి. మొదటిది పెట్టుబడి. రెండవది కచేరీ కాగితములను చదువగల చదువు. మూడవది మార్కెట్టులోను, పట్టణములోను ఉన్న బంధువర్గము. కోయ రైతు నొద్ద నేల ఉన్నది. ఈ మూడును లేవు.

ఈ మూడు ఆస్తులు గలవాడును లేనివాడును ఒక సంతలో ఎదురుపడినపుడు ఏమగునో చూడుడు. మిరపకు విత్తనము, ఎరువులు, మందులు, కూలీలు కావలెను. చేతిలో రొక్కము లేని కోయ రైతు చేనును కౌలున కిచ్చును. లేదా అప్పు తెచ్చును. కౌలు సొమ్ము ముందుగానే చేతికి వచ్చి ఇంటి ఖర్చులకు కరగిపోవును. ధర పెరిగిన యేడు లాభము కౌలుదారునిది. పంట పోయిన యేడు అప్పు రైతుది. వ్రాసిన పత్రము తెలుగులో ఉండును. వ్రేలిముద్ర వేయువాని యింటి భాష కోయ. ఇందులో ఎవడును ఎవనిని దోచవలెనని తలపకపోయినను, పదియేండ్లలో నేల ఒక చేతినుండి వేఱొక చేతికి జాఱిపోవును.

ప్రభుత్వములు దీనిని గుర్తింపకపోలేదు. 1940లో ఆసిఫాబాదు అడవులలో గోండు వీరుడు కొమురం భీము భూమికై పోరాడి జోడేఘాటు వద్ద ప్రాణము లర్పించెను. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ పండితుని గిరిజనుల స్థితిగతులను పరిశీలింప నియమించెను. ఆయన ప్రోద్బలమున మార్లవాయి గ్రామమున గోండు బాలురకు గోండీలో చదువు చెప్పు బడి వెలసినది. గిరిజనుల భూమిని కాపాడు శాసనములు 1940ల చివర హైదరాబాదు సంస్థానమున వచ్చినవి. భారత రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు ఇట్టి ప్రాంతములకు ప్రత్యేక రక్షణ కల్పించినది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణమునకు విస్తరించినది. 1970లో దానిని మఱింత కట్టుదిట్టము చేసిరి. జనులు "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలుచునది ఇదియే. దీని ప్రకారము షెడ్యూలు ప్రాంతములోని భూమిని గిరిజనేతరునకు అమ్ముటయే కాదు, తాకట్టు పెట్టుటయు, కౌలున కిచ్చుటయు చెల్లవు.

శాసనము మంచిదే. కాని అది కాగితముపై జరుగు బేరమును ఆపగలదు. నోటిమాటపై జరుగు బేరమును ఆపుట కష్టము. పట్టా ఒకని పేర, పంట వేఱొకని యింట నుండు చేలు ఈ మన్నెమున లేకపోలేదు. మఱియొక వైపు, రెండు తరములుగా ఇచ్చటనే పుట్టి పెరిగిన పేద గిరిజనేతర రైతునకు పట్టా రాదు; పట్టా లేనిదే బ్యాంకు అప్పు దొరకదు. కోస్తానుండి వచ్చినవారందఱును పెద్దరైతులు కారు. వారితో కూలికై వచ్చి ఇచ్చటనే నిలిచిపోయిన బీదలును కలరు. ఒక పేరుక్రింద అనేక బ్రదుకులుండునని ఎన్నడును మఱువరాదు.

లంబాడీల చరిత్ర మఱియొక తీరు. వీరినే బంజారాలందురు. మొగలాయీల దక్కను దండయాత్రల కాలమున ఎద్దుల మందలపై ధాన్యము, ఉప్పు మోసికొనిపోయి సేనలకు అందించినవారు వీరే. రైళ్లును బాటలును వచ్చిన పిదప ఆ వృత్తి అంతరించినది. వారు ఊళ్లకు దూరముగా తండాలు కట్టుకొని పశువులను మేపుచు, సేద్యము చేయుచు స్థిరపడిరి. 1976 నాటి చట్టముతో తెలంగాణములోని లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. కష్టపడి బిడ్డలను చదివించి, నేడు ఉద్యోగములలో ముందునకు వచ్చినవారు వీరిలో అనేకులు కలరు. నగరములకు కూలికి పోయి బ్రదుకువారు అంతకంటె అధికులు. తెలంగాణములోని గిరిజనులలో జనసంఖ్యయందు వీరే ఎక్కువ. ఉద్యోగములు తమకు చేరుట లేదని కోయలు, గోండులు. తమ హక్కు న్యాయమైనదేయని లంబాడీలు. 2017 చివర ఆదిలాబాదు ప్రాంతమున ఈ వివాదము ఘర్షణలకు దారితీసినది. ఇద్దఱును పేదరికము నెఱిగినవారే. ఉన్న రొట్టె చిన్నదైనపుడు దానిని పంచుకొనవలసినవారి నడుమనే కలహము పుట్టును.

అందఱికంటె చివర వచ్చినవారు గొత్తికోయలు. వీరు బస్తరు ప్రాంతపు గిరిజనులు; కోయలకు భాషచేతను, ఆచారములచేతను దగ్గఱివారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకును, వారి కెదురుగా నిలిపిన సల్వాజుడుము దళములకును నడుమ జరిగిన హింసలో ఊళ్లు కాలిపోగా, వేలాదిగా సరిహద్దు దాటి ఈ అడవులకు వచ్చిరి. సల్వాజుడుము చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. కాని వచ్చినవారిలో పెక్కుమంది తిరిగి పోలేదు. తెగల గుర్తింపు రాష్ట్రమును బట్టి యుండును. అందువలన అచ్చట గిరిజనులైన వీరికి ఇచ్చట ఆ ధ్రువపత్రము దొరకుట కష్టము. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనులకు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి సాగుచేయుచున్న నేలపై మాత్రమే హక్కు నిచ్చును. ఆ తేదీ తరువాత వచ్చినవారికి పోడు నేలపై హక్కు లేదు. గుడిసె వేసినచో అటవీ సిబ్బంది తొలగింతురు, మరల వేసికొందురు. వీరికి మిగిలినది మిరపకోత కూలి. గుంటూరు బాలుని వెనుక మేనమామ యున్నాడు. కోయ బాలుని వెనుక చేను ఉండెడిది, చట్టమైనను ఉన్నది. గొత్తికోయ బాలిక వెనుక మామ లేడు, చేను లేదు, కాగితమును లేదు.

కోస్తా రైతును, గొత్తికోయ కూలియు ఇద్దఱును వలస వచ్చినవారే. కాని వారి స్థితికి హస్తిమశకాంతరము కలదు. ఈ భేదమును మఱచుటవలన ఎంత అనర్థము కలుగునో మన తెలుగువారి చరిత్రయే చెప్పుచున్నది. నూఱేండ్లకు పూర్వము గోదావరి, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది బీదలు ఓడలెక్కి బర్మా దేశమునకు పోయి రంగూను రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. కాకినాడ సమీపమునగల కోరంగి రేవు పేరుమీద వారిని "కోరంగీలు" అని పిలిచిరి. అదే దేశమునకు తమిళనాటినుండి చెట్టియార్లు వెళ్లి వడ్డీ వ్యాపారము చేసిరి. 1930 ప్రాంతమున ప్రపంచమంతట ఆర్థిక మాంద్యము వచ్చి వడ్ల ధర పడిపోగా, బర్మా రైతులు అప్పులు తీర్పలేక భూములు పోగొట్టుకొనిరి. 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో సుమారు నాల్గవ వంతు భూమి చెట్టియార్ల వశమయ్యెను.

ఇంతలో 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. యజమానులు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొని, సమ్మె ముగిసినంతనే వీరిని తొలగించిరి. పనిపోయిన బర్మా కూలీలకు కోపము వచ్చినది. ఆ కోపము యజమానులపై పోలేదు. తమవలెనే మూటలు మోయు తెలుగు కూలీలపై పడినది. పెక్కుమంది తెలుగువారు ఆ అల్లరులలో మడిసిరి. 1942లో జపాను సేనలు వచ్చినపుడు, లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు మరలవలసి వచ్చెను. "పరదేశులు" అను ఒక్క పేరుక్రింద ధనికుని, కూలివానిని కలిపి చూచుటవలన దెబ్బ ఎప్పుడును కూలివానికే తగులును. బర్మాలో మనము పొందిన ఆ దుఃఖమును ఎఱిగినవారము, మన యింటికి వచ్చిన బీదవానిని చూచునపుడు దానిని జ్ఞప్తియందుంచుకొనవలెను. అట్లే భూమి పోయిన బర్మా రైతు దుఃఖమును ఎఱిగినవారము, భూమి పోవుచున్న కోయ రైతును మఱువరాదు.

మఱి చేయవలసిన దేమి? మేనమామ లేనివానికి సంఘమే మేనమామ కావలెను. అడవి సరకులను న్యాయమైన ధరకు కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. ఏటూరునాగారమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కలదు. పార్లమెంటు 2023 డిసెంబరులో ఆమోదించిన చట్టముతో సమ్మక్క సారక్కల పేర కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ములుగునకు వచ్చినది. ఇవి శుభములే. కాని 2011 జనాభా లెక్కల ప్రకారము తెలంగాణమున అక్షరాస్యులు నూటికి 66 మందికి పైగా ఉండగా, గిరిజనులలో సగముమంది మాత్రమే. పంట పోయిన యేట తక్కువ వడ్డీకి అప్పు దొరకవలెను. పత్రము వ్రేలిముద్ర వేయువాని భాషలో వానికి బోధపడవలెను. ఏ తీరమునుండి వచ్చిన బిడ్డయైనను బడిలో కూర్చుండుటకు ఏ కాగితమును అడ్డు కారాదు.

ఆ వెనుక బల్ల బాలుడు ఇంటర్మీడియెటు వఱకు చదివెను. పెద్ద ఉద్యోగ మేమియు రాలేదు. నేను పదవీ విరమణ చేసిన తరువాత ఒకనాడు తాడ్వాయి బస్సులో కనబడి నమస్కరించెను. "ఏమి చేయుచున్నావు?" అని యడిగితిని. "రెండెకరాలు చేస్తున్న సారూ. మా గూడెంల ఎవలు ఏ కాయితం తెచ్చినా ముందుగల నాకు చూపిస్తరు. చదివి చెప్పినంకనే ఏలు ముద్ర ఏస్తరు" అనెను. పిదప నవ్వి, "వడ్డీ లెక్క కూడ నేనే చేస్త సారూ" అనెను. ఆనాటి నా లెక్కకు వాడు ముప్పది యేండ్లకు జవాబు చెప్పినాడు.

రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారము జాతర జరుగును. చిలుకలగుట్ట నుండి సమ్మక్కను కుంకుమ భరిణె రూపమున కోయ పూజారులు, అనగా వడ్డెలు, తోడ్కొని వత్తురు. కన్నెపల్లి నుండి సారలమ్మ వచ్చును. లక్షలాది జనులు జంపన్నవాగులో మునిగి, నిలువెత్తు బెల్లమును "బంగారము" అని పలికి సమర్పింతురు. గుంటూరు రైతు, లంబాడీ తల్లి, గొత్తికోయ కూలి, పట్టణపు వర్తకుడు అందఱును కోయవారి ఆడబిడ్డలయెదుట చేతులు జోడింతురు. ఆ నాలుగు దినములు అచ్చట ఎక్కువ తక్కువలు కనబడవు. తరువాత అందఱును ఎవరి చేలకు వారు మరలుదురు. గద్దెలయెదుట మనము చూపిన మర్యాదలో కొంతయైనను చేనిగట్టుపైకి, కొట్టు బల్లయొద్దకు, బడి గదిలోనికి తీసికొని పోగలిగితిమా యని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ప్రశ్నలు

1. "చేను పోతది" అని కోయ బాలుడు చెప్పిన జవాబులోని అర్థమును వివరింపుడు.
2. కోస్తా రైతులు తమతో తెచ్చిన కంటికి కనబడని మూడు ఆస్తులేవి? అవి భేదమునకెట్లు కారణమైనవి?
3. గొత్తికోయలకును, కోస్తా రైతులకును గల పోలికయేమి? భేదమేమి?
4. రంగూను రేవులో జరిగినదాని వలన మనము నేర్చుకొనవలసిన దేమి?
5. మీ ఊరికి వేఱు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవా రెవరు? పెద్దల నడిగి తెలిసికొని పది వాక్యములలో వ్రాయుడు.